చాందా దారుల్లో పెట్రోలు ముల్లు

కారు డాష్‌బోర్డు మీది కొలతల్లో మాట తప్పడానికి పేరుపడ్డది పెట్రోలు ముల్లు. స్పీడోమీటరు కేబులు తెగితే కొత్తది వేయించి ఆ సంగతి మరిచిపోవచ్చు. పెట్రోలు ముల్లుతో అలా కుదరదు. బాగుచేయించిన కొన్నాళ్లకే మళ్లీ అదే తంతు: నిండు ట్యాంకుతో బయల్దేరినా ఖాళీ అంటుంది, అడుగంటిపోయినా సగం ఉందంటుంది, గుంతలో పడగానే లేచి కూర్చుంటుంది. పెట్రోలు బంకు సందుకొకటి ఉన్న నగరంలో ఇది చిన్న చికాకు. మహారాష్ట్ర తూర్పు కొసన ఉన్న చంద్రపూర్ లాంటి చోట అంత చిన్నది కాదు.

గోండు రాజుల కోటగోడల మధ్య పెరిగిన ఈ ఊరిని ఆదిలాబాద్ వైపు పెద్దలు ఇప్పటికీ చాందా అనే పిలుస్తారు. ఉత్తరాన నాగపూర్ సుమారు 150 కిలోమీటర్లు. తూర్పున మూల్ మీదుగా గడ్చిరోలి వైపు, ఆగ్నేయంగా అహేరి, సిరొంచ వైపు అడవి దారులు. దక్షిణాన వార్ధా నది దాటితే రాజురా, అక్కడి నుంచి ఆసిఫాబాద్. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాది. తర్వాత నాందేడ్‌కు, 1959లో చాందాకు మారింది. బొగ్గు గనుల్లో పనికి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు బల్లార్‌పూర్‌లోనూ చంద్రపూర్‌లోనూ స్థిరపడ్డాయి. పండగకో పెళ్లికో ఆ నది దాటి రాకపోకలు సాగించేవాళ్లకు, చైత్రంలో మహాకాళి జాతరకు ఎండన పడి వచ్చేవాళ్లకు, తడోబా అడవికి పోయేవాళ్లకు ట్యాంకులో ఎంత మిగిలిందన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాల్సిన లెక్క.

ఆ లెక్కకు మొదట ముల్లే లేదు. ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షల మోడల్ టి కార్లు చేసింది. చాలావాటిలో ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. ఎంత ఉందో చూడాలంటే కూర్చున్నవాళ్లను దింపి, సీటు ఎత్తి, మూత తీసి, గీతలు గీసిన కర్ర ముంచాలి. కర్ర ఎంతమేర తడిస్తే అంత ఉన్నట్టు. ఆ కారులో పంపు ఉండదు, పెట్రోలు తన బరువుతోనే ఇంజనుకు దిగాలి. ట్యాంకు అడుగంటినప్పుడు నిటారు గట్టు ఎక్కితే ఇంజను ట్యాంకు కన్నా పైకి పోయి ఆగిపోయేది. అందుకే గట్టును వెనక్కి తిరిగి, రివర్సులో ఎక్కేవారు. మన దేశంలో పెట్రోలు బంకులు విరివిగా రాకముందు పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. సీలు విప్పి పోసినవాడికి ఎన్ని గ్యాలన్లు పోశాడో తెలుసు, ఎన్ని మైళ్లు నడిపాడో తెలుసు. పద్దు మనసులోనే ఉండేది. 1941లో పెట్రోలుకు రేషను వచ్చి బస్సులకు వెనక బొగ్గు గ్యాసు పీపాలు తగిలించిన రోజుల్లో ఇంధనం ఎంత ఉందో కంటితో చూసేదే: పీపాలో బొగ్గు, పక్కన బస్తాలు.

డాష్‌బోర్డు మీదికి కొలతను తెచ్చిన తొలి కార్లలో ఫోర్డ్ మోడల్ ఏ ఒకటి. 1927 చివర వచ్చిన ఈ కారుకు ట్యాంకు సరిగ్గా డాష్‌బోర్డు వెనకే ఉండేది. లోపల బెండు తేలుతూ ఉంటే దానికి తగిలించిన అంకెల చక్రం అద్దంలోంచి నేరుగా కనబడేది. తీగ లేదు, కరెంటు లేదు. ఇంతకన్నా సూటి పద్ధతి మళ్లీ రాలేదనాలి. అయినా చెడిపోయేది. బెండు పెట్రోలు పీల్చకుండా దానికి లక్క వార్నీషు పూసేవారు; మధ్య భారత అడవుల్లో మోదుగ కొమ్మల మీద పండే లక్కే ఈ వార్నీషుకు మూలం. లక్క పెట్రోలుకు కరగదు, ఆల్కహాలుకు కరుగుతుంది. ఆల్కహాలు కలిసిన పెట్రోలు పోస్తే పూత పోయి, బెండు నాని మునిగేది, నిండు ట్యాంకు ఖాళీగా కనబడేది. గేజి బిరడా వదులైతే పెట్రోలు ఏకంగా డ్రైవరు ఒళ్లోకే కారేది.

భద్రత కోసం ట్యాంకు వెనక్కి పోయాక కథ మారింది. కొన్ని అమెరికా కార్లు ట్యాంకు అడుగు నుంచి సన్నటి గొట్టంలో గాలి నింపి, ఆ ఒత్తిడితో డాష్‌బోర్డు మీది గాజు నాళికలో ఎర్రటి ద్రవాన్ని పైకి నెట్టించాయి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. గొట్టం అతుకుల్లో చీమ తలంత సందు పడ్డా గాలి పోయి ఎరుపు దిగిపోయేది. ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు.

నిలిచింది కరెంటు ముల్లు. దాని కిటుకు సులువు. ట్యాంకులో ఒక తేలుడు బుడ్డి, దానికో కడ్డీ. పెట్రోలు తగ్గితే బుడ్డి దిగుతుంది, కడ్డీ కొసనున్న లోహపు నాలుక ఒక నిరోధపు చుట్ట మీద జరుగుతుంది. చుట్ట ఎంత అడ్డుపడితే కరెంటు అంత తగ్గుతుంది. డాష్‌బోర్డులో ఆ కరెంటుకు తగ్గట్టు ముల్లు తిరుగుతుంది. పాత గేజిల్లో రెండు తీగచుట్టలు ముల్లును చెరో పక్కకు లాగేవి. ఆ ముల్లు చటుక్కున కదిలేది, కారు ఊగితే అదీ ఊగేది. తర్వాతివాటిలో వేడికి వంగే రెండు లోహాల పట్టీ ముల్లును మెల్లగా నెట్టేది. తాళం తిప్పాక ముల్లు బద్ధకంగా పైకి లేస్తే అది రెండో రకం. బ్యాటరీ వోల్టేజి మారినప్పుడల్లా ఆ పట్టీ తప్పు చూపకుండా డాష్‌బోర్డు వెనక వేలెడంత వోల్టేజి స్థిరీకరణ పెట్టె ఒకటి పెట్టారు. పెట్రోలు ముల్లూ టెంపరేచరు ముల్లూ దాన్నే పంచుకునేవి. రెండూ ఒకేసారి మీదికెక్కినా, ఒకేసారి పడిపోయినా తప్పు ట్యాంకుది కాదు, ఆ పెట్టెది. ఇది తెలియక మంచి ట్యాంకులు దింపించుకున్నవాళ్లు తక్కువమందేం కాదు.

ఈ కరెంటు ముల్లు మన దారుల్లోకి రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన జీపులతో పాకింది. విల్లీస్ జీపు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది. ఆ తర్వాతి నాలుగు దశాబ్దాలు అంబాసిడర్‌వి, ఫియట్‌వి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో 1957లో మొదలైన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్ 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. కార్లు ఇరవయ్యేసి ఏళ్లు తిరిగేవి, కాబట్టి ముల్లు చెడటం, బాగవటం, మళ్లీ చెడటం ఒక బండి జీవితంలో అనేకసార్లు జరిగేది. మెకానిక్కుల విద్యలో ఇదొక అధ్యాయమే అయింది.

ఆ విద్య ముల్లు దగ్గర మొదలు కాదు, ట్యాంకు దగ్గర మొదలవుతుంది. డిక్కీలోని చాప ఎత్తి ట్యాంకు మీది తీగ ఊడదీయాలి, తాళం ఆన్ చేసి ఆ తీగ కొసను బాడీకి తాకించాలి. ముల్లు ఒక కొస నుంచి రెండో కొసకు పోతే తీగా గేజీ బాగున్నట్టే, దోషం ట్యాంకులో. ఏ కొస అన్నది బండి రకాన్ని బట్టి మారుతుంది: తీగ విడిచిపెడితే కొన్నిటిలో ఫుల్, కొన్నిటిలో ఖాళీ. ముల్లు అసలు కదలకపోతే దోషం తీగలోనో గేజిలోనో. ఆ తర్వాత చూడాల్సింది ఎర్త్. ట్యాంకుకు, బాడీకి మధ్య తుప్పో, కొత్తగా వేసిన పెయింటో అడ్డుపడితే కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు. రంగు వేయించుకొచ్చిన కారుకు పెట్రోలు ముల్లు పనిచేయడం మానేస్తే పాత మెకానిక్కు గేజి జోలికే పోడు. ఒక బోల్టు విప్పి, కింద రంగు గీకి, మళ్లీ బిగిస్తాడు.

అవేవీ కాకపోతే ట్యాంకు లోపలి సరంజామా పైకి తీస్తారు. ఇత్తడి బుడ్డికి కంటికి ఆనని బెజ్జం పడితే లోపలికి పెట్రోలు చేరి అది మునిగిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది. బెజ్జం ఎక్కడో తెలియాలంటే పొయ్యికి దూరంగా ఒక గిన్నెలో వేడినీళ్లు పోసి బుడ్డిని ముంచాలి. లోపలి పెట్రోలు ఆవిరై సన్నటి బుడగల తీగ ఒకచోట నుంచే పైకి వస్తుంది. అక్కడ గుర్తు పెట్టుకొని, లోపలిది పూర్తిగా ఆరేదాకా ఆగి, చుక్క తగరం అతకాలి. తగరం ఎక్కువైతే బుడ్డి బరువెక్కి ముల్లు ఎప్పటికీ ఒక పిసరు తక్కువే చూపుతుంది. కడ్డీ వంగినా ఇదే తేడా. అందుకే అతికాక ట్యాంకులో దించే ముందు తీగ తగిలించి, కడ్డీని చేత్తో పైకీ కిందికీ ఆడిస్తూ లోపల డాష్‌బోర్డు దగ్గర ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి ముల్లు ఎక్కడికి వచ్చిందో కేకేసి చెప్పమనేవారు.

ఇంత చేసినా జబ్బు తిరగబెట్టేది. లక్షణానికి వైద్యం జరిగేది, కారణం ట్యాంకులోనే ఉండిపోయేది. ఇనపరేకు ట్యాంకు ఎప్పుడూ ముప్పావు వంతు ఖాళీగా ఉంటే పైన మిగిలిన గాలిలోని తేమ వానాకాలం రాత్రుల్లో గోడలకు నీరై పడుతుంది. తుప్పు పుడుతుంది, పొడి రాలి కడ్డీ కీలులో చేరుతుంది. మన దగ్గర పెట్రోలు లీటర్లలో కాక రూపాయల్లో కొట్టించుకోవడం అలవాటు. ఏ రోజుకు ఆ రోజు కొంచెం పోయించుకునే బండిలో నాలుక ఎప్పుడూ చుట్ట అడుగు భాగం మీదే ఆడుతుంది, అక్కడే అరుగుతుంది. ఫుల్ కొట్టించినప్పుడు బుద్ధిగా ఉండే ముల్లు పావుకు దిగగానే వణకడం మొదలెడితే అది ఆ అరుగుదలే.

కార్లలో ఇలా ముల్లుతో కుస్తీ సాగుతుండగానే రెండు చక్రాల బండ్లు ముల్లు లేకుండా గడిపేశాయి. బుల్లెట్, రాజ్‌దూత్, 1972లో మొదలైన బజాజ్ చేతక్, వీటికి ట్యాంకు కింద ఒక కుళాయి మాత్రమే. దాని లోపల రెండు గొట్టాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మామూలుగా పెట్రోలు పొడుగు గొట్టం కొస నుంచి వస్తుంది. మట్టం ఆ కొసకు దిగగానే బండి గుటకలేసి ఆగిపోతుంది. కుళాయి తిప్పితే అడుగున మిగిలింది పొట్టి గొట్టంలోంచి వస్తుంది. తెలుగులో ‘రిజర్వ్‌లో పడింది’ అన్న మాటకు పుట్టిల్లు ఇదే. ఇప్పుడు కుళాయి లేని కార్లకూ అదే మాట వాడుతున్నారు. తీగ, బుడ్డి, అయస్కాంతం ఏవీ అక్కర్లేని ఈ ఏర్పాటు ఇంధనం సంగతి చెప్పిన పరికరాలన్నిటిలోకీ నిజాయితీ గలది. ఎంత ఉందో చెప్పదు, ఇక కొంచెమే ఉందని తప్పకుండా చెబుతుంది. దానికున్న లోటు మనిషిదే: బంకులో పోయించుకున్నాక కుళాయి మళ్లీ పైకి తిప్పడం మరిచిపోతే రెండోసారి హెచ్చరిక ఉండదు. అప్పుడు స్కూటరును పక్కకు వంచి, చివరి చుక్కల్ని కార్బురేటరుకు చేర్చి, కిక్కు కొట్టి బంకు దాకా లాక్కుపోవడమే. జర్మనీ ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు కూడా 1960ల మొదలు దాకా ముల్లు లేకుండా, కాలి దగ్గర ఇలాంటి రిజర్వు మీటతోనే నడిచింది.

డీజిలు బండ్లకు ముల్లు అబద్ధం చెబితే శిక్ష పెద్దది. పెట్రోలు కారు ఆగిపోతే డబ్బాలో తెచ్చి పోస్తే చాలు. డీజిలు అయిపోతే పైపుల్లోకి గాలి చేరుతుంది. తెచ్చి పోసినా కదలదు. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, నురగ పోయి నిక్కమైన డీజిలు వచ్చేదాకా ఆగాలి. ఎర్రటి ఎండలో, రోడ్డు పక్కన, పొక్లెయిన్ల దుమ్ములో ఆ పని ఒకసారి చేసినవాడు మళ్లీ ముల్లును నమ్మడు. లారీవాళ్లు ఎప్పుడూ నమ్మలేదు. వాళ్ల ట్యాంకు బయటికి, చాసీ పక్కన వేలాడుతుంటుంది. మూత తీసి కర్ర దించడం మోడల్ టి నాటి పద్ధతే అయినా అదే నడిచింది. కర్రకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. రాత్రి ఎవరైనా డీజిలు తోడారా అన్నది పొద్దున్నే తేలిపోతుంది.

చంద్రపూర్ చుట్టుపక్కల దుర్గాపూర్, సాస్తి వంటి ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్లు బంకుకు రావు, డీజిలు మోసే బౌజరే వాటి దగ్గరికి పోతుంది. ఖర్చును మైళ్లతో కాక ఇంజను నడిచిన గంటలతో లెక్కకడతారు. బౌజర్ అనే మాట ఒక మనిషి ఇంటిపేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్‌వేన్‌లో సిల్వానస్ బౌజర్ 1885లో కిరోసిను కొలిచి పోసే పంపు ఒకటి చేసి ఒక దుకాణదారుకు అమ్మాడు. కొలత పంపు అతని పేరుతో ఊరేగి, చివరికి ఆ పేరు చక్రాల మీది ట్యాంకుకు అంటుకుంది.

ముల్లు రోగాల్లో కొన్ని బండిలో పుట్టవు, పెట్రోలులోనే వస్తాయి. నాలుక కొసకు వెండి కలిసిన లోహం వాడతారు. పెట్రోలులో గంధకం ఉంటే ఆ వెండి నల్లబడుతుంది, ఇంట్లో వెండి కుంకుమభరిణె నల్లబడ్డట్టే. నల్లపొర కరెంటును పోనివ్వదు. 2004 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడా, లూసియానా వంటి రాష్ట్రాల్లో గంధకం ఎక్కువైన పెట్రోలు అమ్ముడుపోయి ఎన్నో కార్ల ముళ్లు పాడయ్యాయి. ఖాళీ ట్యాంకు నిండుగా కనబడింది. మన దేశంలో పెట్రోలులో గంధకం హద్దు భారత్ స్టేజ్-2 ప్రమాణం నాడు పది లక్షల పాళ్లకు 500 పాళ్లు, స్టేజ్-3కి 150, స్టేజ్-4కి 50. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చిన స్టేజ్-6లో 10. సబ్సిడీ కిరోసిను పెట్రోలులో కలిసిన రోజుల్లో జిగురు, మడ్డి అదనం. నల్లబడ్డ నాలుకను సన్నటి గరుకు కాగితంతో రుద్దితే ముల్లు ఆ రోజుకు లేస్తుంది. అదే పెట్రోలు పోస్తున్నంతకాలం మళ్లీ పడిపోతుంది కూడా.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక బండ్లు మారాయి, 1990ల చివర ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాక ట్యాంకు లోపలే మారింది. పంపు ఇంజను పక్కన కాక ట్యాంకులో మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. ముల్లు తప్పుచూపి ట్యాంకు అడుగంటితే ఆగిపోవడమే కాదు, పంపు వేడెక్కి దెబ్బతింటుంది. తేలుడు బుడ్డి, నాలుక, పంపు కలిసి ఒకే ముక్కగా వెనక సీటు కింద అమరాయి. చాలా బండ్లకు కొలిచే భాగం ఒక్కటే విడిగా దొరకదు, ముక్క మొత్తం మార్చాలంటారు. ఇత్తడి బుడ్డి పోయి బెజ్జం పడని ప్లాస్టిక్కు వచ్చింది, తీగచుట్ట పోయి పలక మీద ముద్రించిన నిరోధపు గీత వచ్చింది. తుప్పు పట్టని ప్లాస్టిక్కు ట్యాంకులు వచ్చాయి. ప్లాస్టిక్కుకు కరెంటు పారదు కాబట్టి ఎర్త్ కోసం వేరే తీగ కావాల్సివచ్చింది. ఆ తీగ గుబ్బ దగ్గర మట్టీ నీరూ చేరితే అంబాసిడర్ నాటి జబ్బే కొత్త చిరునామాలో తేలుతుంది. ఖర్చుకు జడిసి వేయించే నకిలీ ముక్కల బాధ మరొకటి. నిరోధం అంకెలు గేజితో కలవకపోతే ముక్క కొత్తదే, పనిచేస్తున్నదే, చెప్పేది మాత్రం తప్పు. ముప్పావు ఉన్నప్పుడు సగం చూపుతుంది, సగం దగ్గర పావు.

2023 ఫిబ్రవరిలో అమ్మకం మొదలైన, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఆల్కహాలు పెద్ద మోతాదులో ట్యాంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. దానికి తగ్గట్టు కట్టని పాత బండ్లలో రబ్బరు, లోహపు భాగాలకు అది పడదు. కొత్త బండ్లలో నాలుక, గీత రెండూ లేకుండా, మూసిన గదిలోని సెన్సరును బయటి అయస్కాంతం కదిలించే పద్ధతి వ్యాపిస్తోంది. తాకిడి లేదు కనుక అరుగుదల లేదు.

చంద్రపూర్ ఎండ సంగతి వేరు. మే నెలలో 47, 48 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. పెట్రోలు ఒక్కో డిగ్రీకి దాదాపు వెయ్యింట ఒక వంతు ఉబ్బుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే 40 లీటర్లు ముప్పాతిక లీటరు మేర పెరుగుతాయి. ముల్లు వెడల్పు అంతకన్నా ఎక్కువే కాబట్టి ఆ తేడా కంటికి రాదు. బంకు మీటరుకు మాత్రం తూనికలు కొలతల చట్టం ఉంది, ముద్ర ఉంది. అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు వినియోగదారుకు ఉంది. కారులోని ముల్లుకు ఏ ముద్రా లేదు. ఇ, ఎఫ్ అనే రెండక్షరాల మధ్య లీటర్లెన్నో అది ఎక్కడా రాసివ్వదు. పైగా ట్యాంకు నలుచదరం కాదు, ఇరుసును తప్పించుకుంటూ వంకరలు పోతుంది. అందుకే ఎఫ్ దగ్గర చాలాసేపు కదలని ముల్లు సగం దాటాక పరుగందుకుంటుంది.

ఇప్పటి కార్లలో ఆ వంకరల లెక్క కంప్యూటరు చూసుకుంటుంది. ఊగిసలాటను సగటు తీస్తుంది, ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోగలదో అంకె వేస్తుంది. ఆ అంకె అంతకుముందు నడిచిన తీరును బట్టి వేసిన అంచనా. నాగపూర్ రోడ్డు మీద సాఫీగా వచ్చి 120 చూపిన బండి తడోబాలో మొహర్లీ దగ్గర అడవి బాటలో ఫస్టు, సెకండు గేర్లలో పాకితే అంకె కిలోమీటరుకు రెండేసి తగ్గినా ఆశ్చర్యం లేదు. ఎలక్ట్రిక్ బండ్లకు తేలుడు బుడ్డి ఉండదు. బ్యాటరీలోకి ఎంత కరెంటు పోయింది, అందులోంచి ఎంత వచ్చింది అన్నది కూడికలు తీసివేతలుగా లెక్కించి శాతం చూపుతారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో మధ్య భాగమంతా వోల్టేజి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, కాబట్టి వోల్టేజి చూసి లెక్క సరిచూసుకునే వీలు తక్కువ. చిన్న చిన్న తప్పులు పోగుపడి శాతం నిజానికి దూరం జరుగుతుంది. అందుకే ఆ రకం బ్యాటరీని అప్పుడప్పుడు 100 శాతం దాకా ఛార్జి చేయమని తయారీదార్లు చెబుతారు. లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది.